సౌతాఫ్రికా పాటల యూత్ కోయర్: గొంతుల ఎంపిక నుంచి స్టేజీ దాకా

ఆఫ్రికా పాటల కోయర్ పెట్టాలనుకునేవాళ్లు తరచూ మొదట్లోనే దారి తప్పుతారు. పశ్చిమాఫ్రికా డోలు, స్వాహిలి పాట, జూలూ అడుగులు, చిరుతపులి మచ్చల బట్టలు అన్నీ కలిపి ఒకే కార్యక్రమంలో పెట్టేస్తారు. అది 54 దేశాలున్న ఖండం. ఒక ప్రాంతం పట్టుకుని, అక్కడి రెండు మూడు భాషల్లో పిల్లలు నిలదొక్కుకున్నాకే ఇంకో ప్రాంతం వైపు చూడాలి.

ఈ మార్గదర్శి సౌతాఫ్రికా గురించి. స్కూళ్లలో, చర్చిల్లో, గని కార్మికుల హాస్టళ్లలో కోయర్ పాట ఇంతగా పాతుకుపోయిన దేశాలు తక్కువ. లింపోపో ప్రావిన్సులోని పల్లె ప్రాంతంలో 2009లో మొదలైన ఎన్‌డ్లోవు యూత్ కోయర్ పదేళ్లకు అమెరికాస్ గాట్ టాలెంట్ అనే టీవీ పోటీ ఫైనల్ దాకా వెళ్లింది. సొవెటోకి చెందిన మ్‌జాన్సి యూత్ కోయర్ 2023లో అదే వేదికెక్కింది. పాత పాటనీ కొత్త పాటనీ ఒకే ఊపిరితో పాడే పద్ధతికి ఈ రెండూ మంచి నమూనాలు.

ముందే ఒక నియమం పెట్టుకోండి: పాట, మాట, అడుగు ఒకేసారి నేర్పాలి. పాటంతా వచ్చాక చివరి రెండు వారాల్లో డాన్సు మాస్టారిని పిలిచి అడుగులు అతికిస్తే ఊపిరి తెగుతుంది, లయ పరిగెడుతుంది, ముఖాల్లో కంగారు కనిపిస్తుంది. కింద చెప్పిన క్రమమంతా ఈ నియమం నుంచి వచ్చిందే.

గొంతుల ఎంపిక

13 నుంచి 20 ఏళ్ల పిల్లలు 32 మంది ఉంటే బాగుంటుంది. ఆడపిల్లల్లో పై గొంతు సోప్రానో 9, కింది గొంతు ఆల్టో 8, మగపిల్లల్లో పై గొంతు టెనర్ 6, కింది గొంతు బేస్ 9. ఈ సంగీతంలో బేస్ గట్టిగా నిలబడాలి. ఇసికథమియా అనే జూలూ పురుషుల బృందగానంలో ఎక్కువమంది బేసే పాడతారు, పై గొంతులు ఒకరిద్దరే. పిల్లల కోయర్‌లో అంత తేడా కుదరదు గానీ బేస్‌లో మాత్రం మనుషుల్ని తగ్గించొద్దు. 20 మంది కన్నా తక్కువుంటే అడుగులేస్తూ నాలుగు గొంతులు నిలబెట్టడం కష్టం. 40 దాటితే అడుగులు కలవవు.

ఒక్కొక్కరికి 6 నిమిషాల పరీక్ష చాలు. తెలిసిన పాట ఏదైనా పాడమనండి. తర్వాత లయ దెబ్బలు వినిపించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 92 మీద పెట్టి, ఆ దెబ్బకి నడుస్తూ, మీరు పాడిన నాలుగు స్వరాల ముక్కని తిరిగి పాడమనండి. శ్రుతి కొంచెం అటూఇటూ అయినా నడక ఆగని పిల్లల్ని తీసుకోండి, చెవి సాధనతో పదునెక్కుతుంది. పాడుతుంటే కాళ్లు ఆగిపోయేవాళ్లని కాదనక్కర్లేదు, కానీ ముందు వరసలో నిలబెట్టొద్దు.

సోప్రానోకి మధ్య సి నుంచి పై జి దాకా, ఆల్టోకి దాని కింది జి నుంచి పై సి దాకా అందితే సరి. టెనర్‌కి మంద్ర సి నుంచి మధ్య సి మీది ఎఫ్ దాకా. బేస్‌కి మంద్ర సి కన్నా కింద ఉండే జి నుంచి మధ్య సి దాకా. ఈ వయసు మగపిల్లల్లో గొంతు మారుతూ ఉంటుంది, ఈ నెల టెనర్ పాడినవాడు వచ్చే నెలకి బేస్ కావచ్చు. ఆరు వారాలకోసారి పరీక్ష మళ్లీ చేయండి. గొంతు విరుగుతున్న కుర్రాడికి ఐదారు స్వరాలే పలుకుతుంటే ఆ ఐదారింటిలోనే పాడించండి. బలవంతాన పైకి లాగితే గొంతు పోవడం అటుంచి, వాడు కోయరే మానేస్తాడు.

మగపిల్లలు మరీ తక్కువైతే పాట శ్రుతిని ఒకటిన్నర రెండు స్వరాలు పెంచి, లోతైన ఆల్టోలు ఇద్దరు ముగ్గురితో టెనర్ పాడించండి. బేస్‌ను మాత్రం అమ్మాయిల మీద వేయొద్దు.

పాటలు ఎంచుకోవడం

నలభై నిమిషాల కార్యక్రమానికి పది పాటలు. శ్రమ పాట, జోలపాట, పెళ్లి పాట, చర్చి పాట తలా ఒకటి, ఇసికథమియా పద్ధతిలో రెండు, గంబూట్ (రబ్బరు బూట్ల మీద దరువేసే నాట్యం) అడుగులతో ఒకటి, ఇప్పటి పాటలు మూడు. మొదటి ఏడాది ఇంతకన్నా ఆశ పడొద్దు.

ప్రతి పాటకీ ఒక సందర్భం ఉంటుంది. అది తెలియకుండా నేర్పడం మొదలుపెట్టొద్దు. షొషొలోజా జింబాబ్వే వైపు నుంచి సౌతాఫ్రికా గనులకి రైల్లో వచ్చిన కూలీల పాట. ఒకడు అందుకుంటే మిగతావాళ్లు బదులు పాడుతూ పలుగు ఎత్తి దించే లయ అందులో ఉంటుంది. దాన్ని నెమ్మదిగా, తీయగా పాడితే ప్రాణం పోతుంది. కొంఖొత్వానే అనే ఖోసా పాట పెళ్లిళ్లలో పాడేది, పలుకుల సాధనకి దీన్ని మించింది లేదు. సెన్జెనినా వర్ణవివక్ష కాలంలో అంత్యక్రియల్లో, ఊరేగింపుల్లో పాడిన పాట. విందు కార్యక్రమంలో నవ్వుతూ, చప్పట్లు కొడుతూ దాన్ని పాడిస్తే తెలిసినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అలాంటి పాట ఎంచుకుంటే అడుగులు లేకుండా, చేతులు కదపకుండా పాడించండి, అది అయ్యాక కాసేపు నిశ్శబ్దం ఉండనివ్వండి.

సౌతాఫ్రికా జాతీయగీతాన్ని పది పాటల లెక్కలో వేయొద్దు. ఎనోక్ సొంటోంగా 1897లో కట్టిన ప్రార్థన గీతం అందులో మొదటి భాగానికి ఆధారం. 1997 నుంచి ఉన్న ఇప్పటి రూపంలో ఖోసా, జూలూ, సెసోతో, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు ఐదూ వస్తాయి. పాడాల్సి వస్తే కదలకుండా నిలబడి పాడాలి.

హక్కుల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. సంప్రదాయ పాట అందరిదీ. కానీ మీ చేతిలో ఉన్న నాలుగు గొంతుల అమరిక ఎవరో ఒకరిది, దానికి డబ్బు కట్టి కాపీలు కొనాలి. సౌతాఫ్రికాలో వేదిక మీద పాడే హక్కులు సామ్రో అనే సంస్థ చూస్తుంది, రికార్డు చేసి విడుదల చేసే హక్కులు కపాసో అనే సంస్థ చూస్తుంది. సొలొమన్ లిండా 1939లో జోహానెస్‌బర్గ్‌లో రికార్డు చేసిన పాట ప్రపంచమంతా తిరిగి కోట్లు సంపాదించి పెట్టినా, 1962లో ఆయన పేదవాడిగానే పోయాడు. ఆయన కూతుళ్లకి న్యాయం దక్కిన ఒప్పందం 2006లో గానీ కుదరలేదు. ఈ సంగతి కోయర్ పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

మాట: పలుకు దిద్దడం

ఇక్కడ తెలుగు వచ్చినవాళ్లకి నిజంగా ఒక సౌకర్యం ఉంది. జూలూలో ఐదే అచ్చులు: అ, ఎ, ఇ, ఒ, ఉ. వాటిని సాగదీసినా రంగు మారకూడదు. ఇంగ్లీషు పాటలకి అలవాటుపడ్డ పిల్లలు ఎ దగ్గర "ఎయ్" అని, ఒ దగ్గర "ఒవ్" అని జారతారు. తెలుగు అచ్చుల్లాగే పలకమంటే ఆ తప్పు వెంటనే పోతుంది. ఒత్తు అక్షరాలు కూడా మనవే: రోమన్ లిపిలో టీ, హెచ్ కలిపి రాసినచోట ఒత్తు త, పీ, హెచ్ కలిపినచోట ఒత్తు ప. ఇంగ్లీషు ఎఫ్ శబ్దం వేరే అక్షరం. "ఫెజూలు" అన్న మాటలో మొదటిది పెదవులు కలిసి పలికే అసలైన ఫ.

కష్టమైనవి మూడు క్లిక్కులు, అంటే నాలుకతో టక్కుమనిపించే హల్లులు. ఒకటి, సి అక్షరం: నాలుక కొన పైపళ్ల వెనక ఆనించి లోపలికి లాగాలి, జాలిపడుతూ "చ్చొచ్చొ" అంటామే, అదే. రెండు, ఎక్స్ అక్షరం: నాలుక పక్కభాగం దవడపళ్ల దగ్గర నుంచి లాగాలి, బండి ఎద్దుల్ని అదిలించే చప్పుడు. మూడు, క్యూ అక్షరం: నాలుక కొనని ట పలికే చోటుకి దగ్గరగా అంగిలికి ఆనించి గట్టిగా కిందికి లాగితే సీసా బిరడా తీసినట్టు టొప్పున మోగుతుంది. క్లిక్కు ఒక హల్లు, దాని వెనకే అచ్చు రావాలి. పిల్లలు క్లిక్కు కొట్టి, ఆగి, అప్పుడు అచ్చు అందుకుంటారు, లయ అక్కడే కుంటుతుంది. సాధన ఇలా: క్యూతో అ, ఎ, ఇ, ఒ, ఉ ఒక్కోటి నిమిషానికి 60 దెబ్బల వేగంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో 100 దాకా తీసుకెళ్లండి. రోజుకి 4 నిమిషాలు చాలు, ఎక్కువైతే నాలుక అలిసిపోతుంది.

హెచ్, ఎల్ కలిసి వచ్చినచోట నాలుకని ల స్థానంలో పెట్టి, గొంతు మోగనివ్వకుండా పక్కలనుంచి గాలి వదలాలి. జెడ్ శబ్దాన్ని మనవాళ్లు జ చేసేస్తారు, స పలుకుతూ గొంతు మోగించమంటే వచ్చేస్తుంది. మ్‌జాన్సి లాంటి మాటల్లో మొదటి మకారానికి ముందు "ఎ" చేర్చకూడదు, పెదవులు మూసి ఆ మకారాన్నే స్వరం మీద నిలపాలి.

చివరినుంచి రెండో అక్షరం సాగుతుంది: షొషొలోజాలో "లో" మీద బరువు పడుతుంది. జూలూ మాటల్లో స్వరం పైకీ కిందికీ కదలడంతోనే అర్థం మారుతుంది కాబట్టి, పాట వరస మాట కదలికని అనుసరిస్తుంది. పై గొంతులన్నీ కలిసి ఒకే దిశలో కదలడానికి ఇదొక కారణం. పడమటి హార్మనీ పుస్తకం చదివినవాళ్లు ఈ సమాంతర కదలికని తప్పనుకుని దిద్దబోతారు. దిద్దొద్దు.

నాలుగు స్వరాల చక్రం

సౌతాఫ్రికా జనాదరణ పొందిన పాటల్లో లెక్కలేనన్ని ఒకే చక్రం మీద తిరుగుతాయి. మొదటి రెండు వారాలు పాట జోలికి పోకుండా దీన్నే నేర్పండి. 5 శ్రుతి, అంటే జి, తీసుకోండి. స్వరాలు శంకరాభరణానివి. ఒక్కో స్వరం నాలుగు దెబ్బలు నిలవాలి.

సోప్రానో: గ, మ, గ, రి
ఆల్టో: స, స, స, కింది ని
టెనర్: కింది ప, కింది ద, కింది ప, కింది ప
బేస్: టెనర్ ప కన్నా దిగువ స, అక్కడి నుంచి కిందికి మ, ప, ప

నిమిషానికి 96 దెబ్బల వేగంలో ఒక చక్రం సరిగ్గా 10 సెకన్లు. ఆపకుండా ఐదు నిమిషాలు పాడించండి, అంటే 30 చక్రాలు. ముందు బేస్ వరసని అందరిచేతా, అమ్మాయిలు తమ స్థాయిలో, పాడించాలి. కింద ఏం జరుగుతోందో తెలిసిన సోప్రానో తన స్వరాన్ని సరిగ్గా కూర్చోబెడుతుంది. గమకం పూర్తిగా వదిలేయాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు గ, ని దగ్గర తెలియకుండానే ఊపు ఇస్తారు, అక్కడ నాలుగు గొంతుల కలయిక చెదురుతుంది. గీత గీసినట్టు నిలపమనండి.

ఐదు నిమిషాలయ్యాక కీబోర్డు మీద జి కొట్టి చూడండి. కొత్త కోయర్ అర స్వరం దిగిపోయి ఉంటుంది. అందరినీ తిట్టకుండా ముందు ఆల్టోలని వినండి. స నుంచి నికి దిగేటప్పుడు కాస్త ఎక్కువ దిగి, తిరిగి స మీదికి వచ్చేటప్పుడు కాస్త తక్కువ ఎక్కుతారు. ప్రతి చక్రానికీ వెంట్రుకవాసి తగ్గుతూ పోతుంది. ని పాడేటప్పుడు స వైపే చూస్తున్నట్టు ఎత్తుగా ఉంచమని చెప్పి, ఆల్టోలొక్కరితో స, ని, స పది సార్లు పాడించండి. రెండో కారణం బేస్: స నుంచి మకి దూకేటప్పుడు జారుతూ దిగుతారు. స ఆపి, మ కొత్తగా మొదలుపెట్టమనండి. కీబోర్డు శ్రుతి అందించడానికీ, ఇలా చూసుకోవడానికీ మాత్రమే. వెంట వాయిస్తూ పోతే చెవి ఎప్పటికీ ఎదగదు.

రాత విషయానికొస్తే, అక్కడి కోయర్లు ఎక్కువగా వాడేది టానిక్ సోల్‌ఫా అనే, స్వరాలని అక్షరాలతో రాసే పద్ధతి, మిషనరీ స్కూళ్ల ద్వారా 19వ శతాబ్దంలో వచ్చింది. డో ఏ శ్రుతి మీదైనా పెట్టుకోవచ్చు, మన షడ్జమంలాగే. అక్షరాల మధ్య కోలన్ గుర్తు ఒక దెబ్బని వేరు చేస్తుంది, నిలువు గీత ఆవర్తాన్ని, చుక్క అర దెబ్బని, అడ్డగీత సాగింపుని చూపుతుంది. స రి గ మ తెలిసినవాళ్లకి ఒక సాయంత్రం చాలు.

ఒక పాట నేర్పే క్రమం

కాగితం పంచకండి. ఈ సంప్రదాయం చెవిది.

ముందు అడుగు. కుడి పక్కకి ఒక అడుగు, ఎడమ కాలు తెచ్చి తాకించడం, ఎడమకి అడుగు, కుడి తాకించడం. రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చప్పట్లు. మోకాళ్లు వదులుగా, బరువు నేల వైపు ఉండాలి. పైకి ఎగిరేట్టు వేస్తే కొత్త కోయర్ అని దూరంనుంచే తెలిసిపోతుంది. అడుగు ఆగకుండా మాటలు ఒక్కో పాదం మీరు లయలో పలకండి, వాళ్లు తిరిగి పలకాలి. అర్థం చెప్పండి, మళ్లీ పలికించండి. తర్వాత బేస్ వరస, దాని మీద అసలు వరస, ఆపైన టెనర్, ఆఖరున ఆల్టో. ఆల్టో ఆఖరున ఎందుకంటే వాళ్ల వరస తరచూ ఒకే స్వరం చుట్టూ ఉంటుంది, చుట్టూ మిగతా మూడు వినపడుతుంటేనే అది గట్టిగా కూర్చుంటుంది. ఆరు నిమిషాల కన్నా ఎక్కువసేపు ఒక గొంతుతోనే పనిచేస్తే మిగతావాళ్లు కబుర్లలో పడతారు. ఆ సమయంలో వాళ్లచేత అడుగు వేయిస్తూనే ఉండండి.

లీడ్, అంటే ముందు అందుకునే ఒంటరి గొంతు, పాడేవాళ్లని చివర్లో ఎంచుకోండి. ప్రతి పాటకీ ముగ్గురిని సిద్ధం చేయాలి. లీడ్, కోయర్ ఒకరి తర్వాత ఒకరు అందుకునే చోట కొత్తవాళ్లు చేసే పొరపాటు మర్యాదగా ఆగడం. లీడ్ ముగించేదాకా కోయర్, కోయర్ ముగించేదాకా లీడ్ ఆగితే మధ్యలో ఖాళీ పడి పాట చప్పబడుతుంది. కోయర్ ఆఖరి అక్షరాన్ని నాలుగు దెబ్బలు నిలుపుతుంటే, మూడో దెబ్బ మీదే లీడ్ అందుకోవాలి. ఈ ఒక్క అతుకునే పది నిమిషాలు పాడించినా వృథా కాదు.

వేగం పెరిగిపోవడం ఇంకో జబ్బు. దాదాపు ప్రతిసారీ చప్పట్లే కారణం: చేతులు తేలిక, కాళ్లు బరువు, చేతులు ముందుకి పోతాయి. గొంతులు ఆపించి, చప్పట్లు ఆపించి, ఒక్క పాదాల చప్పుడు ఒక నిమిషం వినిపించండి. దాని మీద బేస్‌ని, తర్వాత మిగతావాళ్లని చేర్చండి, చప్పట్లు అన్నిటికన్నా చివర.

గొంతు తీరు గురించి జాగ్రత్త. ఈ పాటలకి తెరిచిన, ముందుకొచ్చే, ఛాతీ బలమున్న గొంతు కావాలి. అయితే అమ్మాయిలు మధ్య సి పైన ఉండే ఏ దాటాక కూడా అదే బరువుతో తోస్తే గొంతు బొంగురుపోతుంది. మెడ నరాలు ఉబ్బడం, గడ్డం పైకి లేవడం, మర్నాడు మాట రాకపోవడం గుర్తులు. అక్కడి నుంచి బరువు తగ్గించి, నోరు ఇంకాస్త నిలువుగా తెరిపించండి. లిలిజెలా, అంటే ఆడవాళ్ల ఉలులు, ఇద్దరు మాత్రమే, మూడు సెకన్లు, లీడ్ మాటల మీద పడకుండా వేయాలి. అందరూ వేస్తే అది గోల.

అడుగులు, గంబూట్

ఇసికథమియాలో అడుగు మెత్తగా పడుతుంది. మునివేళ్ల మీద నడక, కాలు ఛాతీ దాకా లేచినా నేల మీద చప్పుడు లేకుండా వాలుతుంది. గొంతు తగ్గించి పాడే చోటే ఈ అడుగు పెట్టండి. ఇన్‌డ్లాము దీనికి పూర్తిగా విరుద్ధం: కాలు ఎత్తి, పాదం మొత్తం నేలకి కొట్టే జూలూ నాట్యం. ఎనిమిది మందికి మించి వేయించొద్దు, మనిషికీ మనిషికీ రెండు మీటర్ల దూరం ఉండాలి. సిమెంటు నేల మీద మోకాలు బిగించి కొడితే నొప్పి ఖాయం. వాలేటప్పుడు మోకాలు వంగాలి, సాధన రోజుకి 15 నిమిషాలు దాటకూడదు. ఆ ఎనిమిది మందీ ఆ సమయంలో పాడనక్కర్లేదు, వెనక 24 మంది పాడతారు.

గంబూట్ నాట్యం జోహానెస్‌బర్గ్ బంగారు గనుల్లో పుట్టింది. నీళ్లు నిలిచే సొరంగాల్లో పనిచేసేవాళ్లు వేసుకున్న రబ్బరు బూట్ల మీదే దరువు. పిల్లలకి ఒక సైజు పెద్దవి కొనండి, మోకాలి దాకా మందపాటి మేజోళ్లు తప్పనిసరి, లేకపోతే పిక్కల మీద చర్మం కందిపోతుంది. తొలి దరువు నాలుగు దెబ్బలు: కుడి కాలు నేలకి, ఎడమ కాలు నేలకి, కుడి చేత్తో కుడి బూటు బయటి వైపు, చప్పట్లు. చేయి బూటు దాకా వంగడం కాదు, కాలే చేతి దగ్గరికి రావాలి. నడుం వంచి కొట్టేవాళ్లకి రెండో నిమిషంలో పాడటానికి ఊపిరి ఉండదు.

32 మంది పక్కకి అడుగేస్తూ పాడాలంటే నాలుగు వరసలు, వరసకి ఎనిమిది మంది, మనిషికి 1.2 మీటర్ల చొప్పున వేదిక వెడల్పు దాదాపు 10 మీటర్లు, లోతు 5 మీటర్లు కావాలి. హాల్లో నేల మీద టేపు అతికించి మొదటి వారం నుంచీ ఆ కొలతలోనే సాధన చేయించండి.

వాద్యాలు

చాలా పాటలకి గొంతు, అడుగు చాలు. చేతులతో వాయించే డోలు జెంబే పశ్చిమాఫ్రికాది, మాలి, గినీ వైపు మాందే ప్రజలది. ఇప్పుడు సౌతాఫ్రికా కోయర్లూ వాడుతున్నాయి గానీ, జూలూ సంప్రదాయ వాద్యం అని పరిచయం చేయకండి. ఒక్క జెంబే చాలు, వాయించేవాళ్లు దాన్ని ముందుకి వంచి పట్టుకోవాలి, కింది నోరు నేలకి ఆనిపోతే బేస్ శబ్దం లోపలే ఉండిపోతుంది. కాళ్లకి కట్టే గజ్జెల్లాంటి గలగలలు నలుగురికి మించి ఇవ్వొద్దు.

మరింబా, అంటే పలకల మీద కొట్టి వాయించే వాద్యం, వాడితే శ్రుతి ముందే తేల్చుకోండి. జింబాబ్వేలోని బులవాయోలో ఉన్న క్వానొంగోమా కాలేజీలో 1960ల్లో రూపుదిద్దుకున్న మరింబాలకి సి మేజర్ పలకలు, వాటికి తోడు ఎఫ్ షార్ప్ మాత్రమే ఉంటాయి. ఆ పద్ధతిలో చేసినవైతే పాట సిలోనో జిలోనో ఉండాలి. ఏ ఫ్లాట్‌లో నేర్పాక మరింబా తెప్పిస్తే అంతా మొదటికొస్తుంది.

ఇప్పటి పాటని కోయర్‌కి మలచడం

2010ల్లో జోహానెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ ప్రావిన్సు టౌన్‌షిప్పుల నుంచి వచ్చిన అమాపియానో అనే డాన్సు సంగీతంలో ఒక పాట తీసుకుందాం. దాని గుండె లాగ్ డ్రమ్ అనే జారుడు బేస్. దీన్ని ఇద్దరు బేస్ గొంతులు "డుమ్, డూం" అంటూ, రెండో శబ్దంలో స్వరం జారుస్తూ పాడాలి. మిగతా బేస్ మామూలు వరస. షేకర్‌కి ఒక టెనర్ పళ్ల మధ్య నుంచి "త్స్ త్స్". కీబోర్డు కార్డులు ఆల్టో, టెనర్ కలిసి నోరు మూసి హమ్మింగ్. మూడున్నర నిమిషాలకి కుదించండి: అసలు పాటలోని పొడవాటి వాద్య భాగాలు క్లబ్బులో బాగుంటాయి, వేదిక మీద పిల్లలు ఖాళీగా నిలబడిపోతారు.

ఇంగ్లీషు పాటని జూలూలోకి మార్చి పాడించే పద్ధతికి మంచి ఆదరణ ఉంది. అనువాదం జూలూ ఇంట్లో మాట్లాడేవాళ్లతోనే చేయించాలి. జూలూ మాటలు పొడవు, ఇంగ్లీషు రెండు అక్షరాలకి అక్కడ ఐదు వస్తాయి. ప్రతి మాటనీ ఇరికించబోతే నోరు తిరగదు. భావం ఉంచి, పాదానికి సగం మాటలు తగ్గించుకోండి.

బట్టలు

ముద్రించిన నూలు బట్ట ష్వెష్వే చక్కగా నప్పుతుంది. ఈస్టర్న్ కేప్‌లోని జ్వెలిట్షాలో తయారవుతుంది. పన్నా 90 సెంటీమీటర్లే, కొత్తలో గంజి పట్టి బిరుసుగా ఉంటుంది, ఉతికితే ముడుచుకుంటుంది. ఉతికి ఆరేశాకే కత్తెర పెట్టాలి. లంగాకి మూడు మీటర్లు లెక్క. ఇసిఖోలో అనే వెడల్పాటి టోపీ పెళ్లయిన జూలూ స్త్రీలది, ఆడపిల్లలకి పెట్టకండి. చిరుత చర్మం రాజవంశానికీ పెద్ద హోదాకీ గుర్తు, ప్రింటు బట్టలోనైనా మానేయడం మేలు. ఏ పూసల అల్లిక ఏ జాతిదో తెలియకుండా కలిపి వేయొద్దు.

పద్నాలుగు వారాల లెక్క

వారానికి రెండు సార్లు, రెండేసి గంటలు: 28 సాధనలు, 56 గంటలు. ఒక్కో సాధనలో గొంతు వేడెక్కించడానికి 15 నిమిషాలు, చక్రం, అడుగులు 20, కొత్త పాట 35, విరామం 10, పాత పాటలు 30, చివర పది నిమిషాలు ఆపకుండా పాడటం. మొదటి రెండు వారాలు చక్రం, పలుకు. మూడు నుంచి తొమ్మిది దాకా వారానికి ఒక పాట. పది, పదకొండు వారాల్లో ఇప్పటి పాటలు మూడూ. పన్నెండో వారం నుంచి కొత్తది ముట్టుకోకుండా, పాటకీ పాటకీ మధ్య మార్పులు మాత్రమే సాధన చేయాలి. కోయర్లు స్టేజీ మీద తడబడేది ఎక్కువగా ఆ మధ్యలోనే. మాట్లాడకుండా 15 సెకన్లలో కొత్త వరసల్లోకి వెళ్లగలగాలి. పరీక్షల నెలలో కార్యక్రమం ఒప్పుకోవద్దు. పిల్లలు ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దవాళ్లు హాల్లో ఉండాలి, ఎవరు ఎవరితో ఇంటికి వెళ్తారో తల్లిదండ్రుల సంతకంతో ముందే రాసిపెట్టుకోవాలి.

స్టేజీ, మైకులు

కదిలే కోయర్‌కి చేతి మైకులు లీడ్‌కి తప్ప పనికిరావు. ముందు వరసకి ఒక మీటరు ఎదురుగా, తలల కన్నా కొంచెం ఎత్తులో కండెన్సర్ మైకులు మూడు, ఒక్కోదాని మధ్య మూడు మీటర్ల దూరం. మైకుల మధ్య దూరం, మైకు నుంచి గొంతుకున్న దూరానికి మూడు రెట్లు ఉండాలన్నది లెక్క, దగ్గరైతే శబ్దం బోలుగా వస్తుంది. కాలి దరువు మైకుల్లో దడదడలాడితే సౌండ్ మనిషి 150 హెర్ట్‌జ్ కింద అంతా కోసేస్తానంటాడు. ఒప్పుకోకండి. మీ బేస్ పాడే కింది జి 98 హెర్ట్‌జ్ దగ్గరుంటుంది, 80 కింద కోస్తే చాలు. గంబూట్ పాటకి మైకుల శబ్దం కొంచెం తగ్గించమని ఆయనకి పాటల జాబితాలోనే రాసివ్వండి.

బేస్‌ని వెనక మధ్యలో, ఆల్టో, సోప్రానో రెండు పక్కలా, టెనర్‌ని బేస్‌కి ముందు నిలబెట్టండి. జెంబే ఒక పక్కన, లీడ్‌కి కనపడేట్టు ఉండాలి. శ్రుతి ఒక్కరే అందించాలి. పిచ్ పైపు మెల్లగా ఊది, బేస్‌లో ఒకరు స హమ్ చేస్తే 32 మందికీ చేరుతుంది. డైరెక్టర్ ముందు నిలబడి చేతులు ఊపే అలవాటు మానుకోవాలి. మొదలు, ముగింపు లీడ్ తల కదలికతోనే తెలియాలి, అందుకు ఆఖరి మూడు వారాలు మీరు గది వెనక కూర్చుని వినండి.

కార్యక్రమం రోజు గొంతు వేడెక్కించడం 10 నిమిషాలకి మించొద్దు, మొత్తం కార్యక్రమం ముందే ఒకసారి పాడించేయొద్దు. మనిషికి అర లీటరు మామూలు నీళ్లు, రెండు గంటల ముందు తేలిక తిండి. మర్నాడు సాధన పెట్టొద్దు. ఆ తర్వాతి సాధనలో ఎవరి గొంతయినా బొంగురుగా ఉంటే వాళ్లు అడుగులు మాత్రమే వేయాలి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కి చూపించండి.